110 కిలోమీటర్లు, అయిదు రోజులు

దూరం సుమారు 110 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండే సమయం 25 నిమిషాలు. ఆర్కిటిక్ సముద్రంలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యెర్‌బ్యేన్ విమానాశ్రయం నుంచి న్యూ ఓలెసుండ్ విమానాశ్రయానికి వెళ్ళడం గురించి నేను నోటుబుక్కులో రాసుకున్న వివరాలు ఈ రెండే. జులై 9, బుధవారం మధ్యాహ్నం లాంగ్‌యెర్‌బ్యేన్‌లో దిగాను. న్యూ ఓలెసుండ్ కంకర రన్‌వేమీద కాలు పెట్టింది మాత్రం జులై 14, సోమవారం ఉదయం. ఇదే దారిలో రాబోయే విద్యార్థులకు పనికివస్తుందని మధ్యలో జరిగినదంతా తేదీలవారీగా రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. హిమానీనదాల నుంచి ఫియోర్డులోకి (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలోకి) వచ్చి చేరే కరిగిన నీటి నమూనాలు సేకరించే ఒక ప్రాజెక్టులో భాగంగా, న్యూ ఓలెసుండ్‌లో భారతదేశం 2008లో ప్రారంభించిన 'హిమాద్రి' పరిశోధన కేంద్రానికి మూడున్నర వారాలపాటు వెళ్ళవలసి వచ్చింది. ఏప్రిల్‌లో ఆ ప్రయాణానికి ప్రణాళిక వేస్తున్నప్పుడే దూరం విషయంలో మొదటి పొరపాటు చేశాను. గోడమీది పటంలో స్వాల్‌బార్డ్ బాగా సాగిపోయి కనిపిస్తుంది. రెండు విమానాశ్రయాల మధ్య రేఖాంశాల తేడా దాదాపు మూడున్నర డిగ్రీలు. మన విశాఖ దగ్గర అంత తేడా అంటే 380 కిలోమీటర్ల పైమాటే కాబట్టి, కంటిచూపు లెక్కతో నాలుగు వందల కిలోమీటర్లు ఉంటుందనుకున్నాను. తీరా లెక్కవేస్తే 110 వచ్చింది. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక రేఖాంశాలు ధ్రువం వైపు ఎంతగా దగ్గరపడతాయంటే, ఒక్కో డిగ్రీ మధ్య దూరం 22 కిలోమీటర్లకు తగ్గిపోతుంది. ఎప్పుడో పాఠంగా చదువుకున్న విషయమే అయినా సొంత ప్రయాణంలో ఎదురయ్యేసరికి ముచ్చటేసింది. ఇంత దగ్గరైతే ఇక ఇబ్బందేముందని నిశ్చింతగా కూర్చున్నాను.

వీసా కోసం మే 6న హైదరాబాద్‌లో దరఖాస్తు ఇచ్చాను. రుసుము 90 యూరోలు, దానికి తోడు వీసా దరఖాస్తు కేంద్రంవాళ్ళ సేవా రుసుము. స్వాల్‌బార్డ్‌కు విడిగా వీసా అక్కర్లేదు గానీ, అక్కడికి చేరాలంటే నార్వే ప్రధాన భూభాగం మీదుగా పోక తప్పదు కాబట్టి చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా తీసుకోవాలి. అందరికీ తెలియని మెలిక ఒకటి ఇక్కడుంది. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ పరిధిలోకి రాదు. అంటే లాంగ్‌యెర్‌బ్యేన్ విమానం ఎక్కేటప్పుడు షెంగెన్ నుంచి బయటికి వెళ్ళినట్టు, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ లోపలికి వచ్చినట్టు లెక్క. నేను దరఖాస్తులో 'ఒక ప్రవేశం' అన్న గడిలో టిక్కు పెట్టాను. కౌంటరులో ఉన్న అమ్మాయి నా ఆహ్వాన పత్రం చదివి, "ఇలా ఇస్తే వెళ్ళగలరు గానీ తిరిగి రాలేరండీ" అని అక్కడికక్కడే దిద్దించింది. ఆమె చూడకపోయి ఉంటే ఆగస్టులో నా గతి ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా మనసొప్పదు. పాస్‌పోర్టు 21 రోజులకు, మే 27న చేతికందింది.

జులై 7 రాత్రి హైదరాబాద్‌లో బయలుదేరి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా మరునాడు ఓస్లో చేరి, రాత్రికి అక్కడే పడుకున్నాను. జులై 9 ఉదయం ఎక్కిన విమానం ట్రోమ్సోలో ఆగింది. అక్కడ అందరినీ దించి, పాస్‌పోర్టుల మీద ముద్రలు వేసి, మళ్ళీ అదే విమానంలో అవే సీట్లలో కూర్చోబెట్టారు. ట్రోమ్సో నుంచి లాంగ్‌యెర్‌బ్యేన్ 960 కిలోమీటర్ల వరకు ఉంటుంది. గంటా నలభై నిమిషాల్లో దించేశారు. సామాను వచ్చే బెల్టు మధ్యలో గడ్డి కూరిన తెల్ల ఎలుగుబంటి నిలబడి ఉంటే, దాని కాళ్ళకింద నుంచే నా రెండు పెట్టెలూ చెక్కుచెదరకుండా వచ్చాయి. ఓస్లో నుంచి రెండు వేల కిలోమీటర్లు ఒక్క పూటలో వచ్చేశాను, మిగిలింది విశాఖ నుంచి శ్రీకాకుళమంత దూరం. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "రేపు పొద్దున్నే చేరిపోతాను" అని ధీమాగా చెప్పాను.

న్యూ ఓలెసుండ్ విమానం పెద్ద టెర్మినల్ నుంచి కాక, పక్కనే ఉన్న హ్యాంగర్ (విమానాలు నిలిపే షెడ్డు) దగ్గర నుంచి బయలుదేరుతుంది. గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు అక్కడికి చేరాను. ప్రధాన భూభాగం నుంచి వచ్చే విమానాలకు ఊళ్ళోకి బస్సు ఉంటుంది గానీ ఈ చిన్న విమానానికి లేదు. టాక్సీయే దిక్కు. చేతిసంచీతో కలిపి ఒక్కొక్కరికి 20 కిలోలే అనుమతి. నా సామాను మూడు కిలోల నాలుగు వందల గ్రాములు ఎక్కువుంది. మన విమానాశ్రయాల్లో అలవాటైన ఉపాయమే ప్రయోగించాను: పక్కకు వెళ్ళి ఫిల్టర్ కాగితాల డబ్బాలు, బ్యాటరీలు, చిన్న స్పానర్ల కట్ట చలికోటు జేబుల్లోకి సర్దేసి, బరువు తగ్గిన సంచీతో గంభీరంగా తిరిగి వచ్చాను. అక్కడి ఉద్యోగి సంచీ తూచి, నవ్వి, "ఇప్పుడు మీరు ఎక్కండి" అని అదే కాటా చూపించాడు. బూట్లతో, కోటుతో, జేబుల్లో ఉన్నవాటితో సహా మనిషిని కూడా తూస్తారు! నా ముందు నిలబడ్డ జర్మన్ పరిశోధకురాలు ఏ సంకోచమూ లేకుండా కాటా ఎక్కి దిగింది. నేను ఎక్కితే అంకె 81 దగ్గర ఆగింది. వైజాగ్‌లో నా బరువు 72.

విమానం డోర్నియర్ 228. మామూలుగా 19 మంది కూర్చునే విమానమే అయినా మమ్మల్ని 14 మందినే ఎక్కిస్తామన్నారు. వెళ్ళినచోట దిగడం కుదరకపోతే వెనక్కి రావడానికి సరిపడా ఇంధనం కూడా మోయాలి, అక్కడి రన్‌వే చూస్తే ఎనిమిది వందల మీటర్లకు అటూ ఇటూ. అందుకే కిలోల లెక్క అంత పట్టుదలగా చూస్తారు. చివరికి స్పానర్లు, రెండు పుస్తకాలు, అదనపు బూట్ల జత ఒక సంచీలో కట్టి, తరువాతి విమానంలో చోటుంటే పంపమని అక్కడే వదిలేశాను. (ఇదే రకం విమానాన్ని మన కాన్పూర్‌లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారు చేస్తుంది. పుట్టిన దేశంలో ఒక్కసారీ ఎక్కని విమానాన్ని ధ్రువం అంచున చూడటం నాకు వింతగా, కాస్త గర్వంగా కూడా అనిపించింది.)

తొమ్మిదిన్నరకు బయలుదేరవలసినది. తొమ్మిది ఇరవైకి, పదకొండు వరకు ఆగుతామన్నారు. కారణం న్యూ ఓలెసుండ్‌లో పొగమంచు. బయటికి వచ్చి చూస్తే లాంగ్‌యెర్‌బ్యేన్ ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, ఎదుటి కొండల మీద ఎండ కాస్తోంది. నమ్మబుద్ధి కాలేదు. ఫోనులో న్యూ ఓలెసుండ్ పక్కనే ఉన్న జెప్పెలిన్ కొండమీది పరిశీలన కేంద్రపు కెమెరా తెరిచాను. అక్కడా ఎండే! అయితే కావాలనే ఆపుతున్నారేమోనని లోలోపల విసుక్కుంటుంటే, వెనక నుంచి తొంగిచూసిన జర్మన్ ఆమె తెర అడుగుభాగం మీద వేలు పెట్టి చూపించింది. నేను మంచుమైదానం అనుకున్నది పొగమంచు పైభాగమట. కెమెరా ఉన్నది 474 మీటర్ల ఎత్తున, రన్‌వే ఉన్నది సముద్రపు ఒడ్డున. వేసవిలో కాస్త వెచ్చని తేమగాలి చల్లని నీటి మీదికి వచ్చి, పల్చని దుప్పటిలా ఫియోర్డును కప్పేస్తుంది. పైన కొండలు ఎండలో మెరుస్తుంటాయి, కింద చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. దిగాలంటే పైలట్‌కు రన్‌వే కంటికి కనిపించాలి. పదకొండు ఒంటిగంట అయింది, ఒంటిగంట రెండున్నర అయింది. మూడింటికి ఆ రోజుకు రద్దన్నారు. హ్యాంగర్‌లో కాఫీ ఉచితంగానే ఇచ్చారు గానీ తినడానికి ఏమీ లేదు. బిస్కట్ ప్యాకెట్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి, దానితో సహా తూస్తారు కాబట్టి చిన్నదే చూసుకోండి.

శుక్రవారం, జులై 11న అదనపు విమానం వేశారు. పది గంటల పావుకు నిజంగానే గాలిలోకి లేచాం. కాక్‌పిట్‌కు అడ్డుతెర లేదు. మూడో వరుసలో కూర్చున్న నాకు పైలట్ల భుజాల మధ్య నుంచి ముందరి ఆకాశమంతా కనిపిస్తూనే ఉంది. పదిహేను నిమిషాలపాటు అంతా బాగుంది. తరువాత ఎదురుగా ఫియోర్డు ఉండవలసిన చోట పాలు పొంగి గడ్డకట్టినట్టు తెల్లని పొర. విమానం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టులో పొరకు ఒకచోట చిల్లు పడి, దానిగుండా ముదురు ఆకుపచ్చ నీళ్ళు, ఒడ్డున ఎర్రరంగు కప్పు ఒకటి కనిపించాయి. ఎవరో "అదిగో" అన్నారు కూడా. మూడో చుట్టుకు ఆ చిల్లు మూసుకుపోయింది. ఎడమవైపు పైలట్ తల అడ్డంగా ఊపడం చూశాను. ప్రకటన అవసరం లేకుండానే పద్నాలుగు మందికీ విషయం అర్థమైపోయింది. పదకొండూ పదికల్లా లేచినచోటే దిగాం. యాభై అయిదు నిమిషాల విమానయానం, ప్రయాణం సున్నా కిలోమీటర్లు. మెట్లు దిగుతుంటే నిన్న నన్ను తూచిన ఉద్యోగి కిందే నిలబడి ఉన్నాడు. అతని తప్పేమీ లేదని తెలిసినా ఆ క్షణంలో అతని ముఖం చూడాలనిపించలేదు.

శని, ఆదివారాల్లో విమానం లేదు. ఖర్చు అసలు ఇక్కడే మొదలైంది. ఊరి పైకొసన, వెనకటికి గని కార్మికుల బస అయిన భవనంలో స్నానాలగది అందరికీ ఉమ్మడిగా ఉండే గది రాత్రికి 1,450 నార్వే క్రోనర్లు, మన డబ్బుల్లో పన్నెండు వేల పైచిలుకు. ఒక్క రాత్రికని తీసుకున్న గదిలో అయిదు రాత్రులున్నాను. అనుకోని నాలుగు రాత్రులకే 5,800 క్రోనర్లు, అంటే 49 వేల రూపాయల వరకు. హ్యాంగర్‌కు రాకపోకల టాక్సీ ఒక్కో రోజుకు 500 క్రోనర్లు దాటింది. వాతావరణం వల్ల రద్దయితే బసకు విమానం నడిపేవాళ్ళు డబ్బివ్వరు. బీమా ఇస్తుంది, అయితే ఫలానా విమానం ఫలానా కారణంగా రద్దయిందని రాతపూర్వకంగా చూపించాలి. శుక్రవారం ఈ సంగతి ఎవరో చెబితే, ఆ మధ్యాహ్నమే అడిగి రెండు రోజులకూ ఈమెయిల్ రాయించుకున్నాను. గురువారం నాటి టాక్సీ రసీదు మాత్రం అప్పటికే చెత్తబుట్ట పాలైంది. ఇంటికి వచ్చాక పంపిన క్లెయిముకు ఇంతవరకు జవాబు లేదు.

తినడం పెద్ద సమస్య కాలేదు. దుకాణంలో బ్రెడ్డు, పెరుగు, గుడ్లు, అరటిపండ్లు దొరికాయి, వంటగది వాడుకోనిచ్చారు. నిద్రే పట్టలేదు. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాటేవరకు అక్కడ సూర్యుడు అస్తమించడు. కిటికీకి తువ్వాలు కట్టుకుని పడుకున్నా అంచుల నుంచి వెలుతురు వస్తూనే ఉంటుంది. శనివారం ఒకసారి మెలకువ వచ్చి ఫోను చూస్తే 5:40. బయట పట్టపగలు. సాయంత్రం అయిపోయిందని, సోమవారం సీటు ఖాయం చేస్తూ మధ్యాహ్నంలోగా వస్తుందన్న ఫోను తప్పిపోయిందని కంగారుపడి, బూట్లు చేత్తో పట్టుకుని కింద రిసెప్షన్‌కు పరుగెత్తాను. (ఆ ఊళ్ళో చాలాచోట్ల గుమ్మంలోనే బూట్లు విప్పాలి. బొగ్గు గనుల కాలంనాటి అలవాటు.) ఎవరూ లేరు. తెల్లవారుజాము 5:40 అది. ఆ రోజే ఫోను గడియారాన్ని 24 గంటల పద్ధతికి మార్చాను. బయలుదేరేముందే మార్చుకుని ఉండవలసింది.

ఆదివారం నాన్నతో మాట్లాడాను. నాన్న ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చాలా ఏళ్ళు శ్రీకాకుళం రూటులోనే తిరిగారు.

"ఏరా, దిగావా?"

"లేదు నాన్నా, ఇంకా ఇక్కడే ఉన్నాను."

"ఎంత దూరమన్నావు?"

"నూట పది కిలోమీటర్లు."

"అంటే మన కాంప్లెక్స్ నుంచి శ్రీకాకుళం. పోనీ బస్సుందేమో కనుక్కోరాదూ?"

ఈ దీవుల్లో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డే లేదని, శీతాకాలంలో అయితే మంచుబళ్ళ మీద, వేసవిలో అయితే పడవ మీద, లేదంటే ఈ విమానంలో వెళ్ళవలసిందేనని చెప్పాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. "హుద్‌హుద్ తుపాను నాడు తప్ప నేను బండి ఆపింది లేదురా" అన్నారు చివరికి. ఆయన గొంతులో ఉన్నది ఆ విమానం వాళ్ళ మీద చిన్నచూపో, నా మీద జాలో తేల్చుకోలేకపోయాను.

సోమవారం ఉదయం ఏడింటికల్లా హ్యాంగర్‌లో ఉన్నాను. మళ్ళీ కాటా. ఈసారి 76. జేబులు ఖాళీ, పైగా నాలుగు రోజుల గుడ్లు, బ్రెడ్డు. ఎక్కేముందు అందరి చేతా ఫోన్లు, లాప్‌టాప్‌లు, చేతిగడియారాలు తీయించి వైఫై, బ్లూటూత్ పూర్తిగా ఆపించారు. విమానం కోసమనుకున్నాను. కాదు. న్యూ ఓలెసుండ్‌లో క్వేసార్ల (ఎంతో దూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాల) నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను పట్టే భూమాపన కేంద్రం ఉంది, అందువల్ల ఊరి చుట్టూ 20 కిలోమీటర్ల మేర వైఫై, బ్లూటూత్ నిషేధం. నా చెవుల్లో పెట్టుకునే తీగలేని ఇయర్‌ఫోన్లు, తీగలేని మౌసు రెండూ ఆ నెల్నాళ్ళూ పెట్టె అడుగునే ఉన్నాయి.

ఎనిమిదీ పదికి లేచి, ఎనిమిదీ ముప్ఫై నాలుగుకు దిగాం. నా గడియారం ప్రకారం 24 నిమిషాలు. నేను కుడివైపు కూర్చున్నాను, వెళ్ళేవాళ్ళకు అదే సలహా ఇస్తాను. ఎడమవైపు ప్రిన్స్ కార్ల్స్ ఫోర్‌లాండ్ అనే సన్నని పొడుగాటి దీవి కనిపిస్తుంది, అదీ అందమైనదే. కుడివైపున మాత్రం ఒకదాని వెనక ఒకటిగా హిమానీనదాలు, వాటి నెర్రెల్లో నీలిరంగు, అన్నిటికీ ఆవల ట్రే క్రోనర్ అనే మూడు శిఖరాలు. స్వెయా, నోరా, డానా అని స్వీడన్, నార్వే, డెన్మార్క్‌ల పేరిట వాటికి పెట్టిన పేర్లు. ఏ నీళ్ళ నమూనాల కోసం ఏడాదిగా కాగితాలు నింపుతున్నానో ఆ నీళ్ళు హిమానీనదం ముక్కు దగ్గర ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఫియోర్డులోకి పరుచుకోవడం పైనుంచి చూశాను. శుక్రవారం చిల్లులోంచి కనిపించిన ఎర్రకప్పు కోసం వెతికే లోపే చక్రాలు కంకరను తాకి, నేలకింద ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు శబ్దం వచ్చింది.

మా కేంద్రం నుంచి వచ్చిన సహచరుడు వ్యానులో ఎక్కించుకుని, దారిలో ఊరి అంచున ఉన్న ఇనుప స్తంభం చూపించాడు. 1926 మే 11న నార్వే ధ్రువ అన్వేషకుడు అముండ్‌సెన్ బృందం 'నోర్గె' అనే ఎయిర్‌షిప్‌లో బయలుదేరింది ఇక్కడి నుంచే. ఉత్తర ధ్రువం మీదుగా ఎగిరి మే 14న అలాస్కాలోని టెల్లర్‌లో దిగారు. ధ్రువం దాటి మరో ఖండం చేరడానికి వాళ్ళకు పట్టింది మూడు రోజులు. నా లెక్క అతనికి చెప్పాను. "నువ్వు నయం, కిందటేడు ఒకాయనకు తొమ్మిది రోజులు" అన్నాడు నిర్వికారంగా.

దిగగానే ఫోన్ చేస్తానని అమ్మకు మాటిచ్చాను. అక్కడ మొబైల్ సిగ్నలే లేదు. ఇంటర్నెట్ తీగ ద్వారానే వాడాలి, నా పల్చని లాప్‌టాప్‌కు ఆ తీగ పెట్టే రంధ్రం లేదు. అడాప్టర్ కోసం హిమాద్రిలో రెండు గదులు తిరిగి, ఒకరి దగ్గర అరువు తెచ్చుకుని తీగ తగిలించేసరికి ఇండియాలో మధ్యాహ్నం మూడు దాటింది. ఆ లోగా నాన్న నుంచి నాలుగు సందేశాలు వచ్చి ఉన్నాయి. మూడింటిలో ప్రశ్నలు. నాలుగోదానిలో ఒకే మాట: "శ్రీకాకుళం?" "చేరాను" అని జవాబిచ్చాను.

తిరుగు ప్రయాణానికి బుద్ధి వచ్చి, లాంగ్‌యెర్‌బ్యేన్ నుంచి ఓస్లో విమానం ఆగస్టు 10న ఉండగా, న్యూ ఓలెసుండ్ నుంచి ఆగస్టు 7కే సీటు తీసుకుని మూడు రోజులు చేతిలో ఉంచుకున్నాను. ఆ గురువారం ఆకాశం అద్దంలా ఉంది. ప్రయాణికులందరూ ముందే రావడంతో విమానం ఇరవై నిమిషాలు ముందుగా లేచింది, ఇరవై అయిదో నిమిషంలో దిగింది. అక్కడ వదిలేసిన స్పానర్ల సంచీ హ్యాంగర్ మూల బల్లమీద నేను పెట్టినట్టే ఉంది. దాన్ని భుజాన వేసుకుని, ఊరి పైకొసన అదే భవనంలో, మూడు రాత్రులకు 4,350 క్రోనర్లు కట్టి, అదే గది తీసుకున్నాను.